బోర్లమ్మకు వీపు పెట్టి మొక్కడం ఎందుకు?

కాగులమిట్టకు మొదటిసారి వచ్చిన భక్తులు గడప దాటగానే గొడవకు దిగుతారు. ఏ గుడిలోనైనా దైవానికి ఎదురుగా నిలబడి చేతులు జోడిస్తాం, ఇక్కడ అమ్మవారికి వీపు పెట్టి కూర్చోమంటారేమిటని పూజారమ్మను నిలదీస్తారు. ఇది అపచారమని పై అధికారులకు ఫిర్యాదు చేసినవారూ ఉన్నారు. అందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక మా ఆలయ సంఘానికి లేదు కనుక ఈ చిన్న పుస్తకం వేశాం. దయచేసి ముందు చదవండి, తర్వాత కోప్పడండి.

గుడి చిన్నది. పైకప్పు లేదు. లోపల విగ్రహం కూడా లేదు. నేలకు అతుక్కుపోయి బోర్లా ఉన్న ఒక పెద్ద మట్టి కాగు ఉంది. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దానినే బోర్లమ్మగా కొలుస్తున్నాం. కుమ్మరి ఇళ్ల ఆడవారే ఇక్కడ పూజ చేస్తారు. ఆ కాగు కింద ఏముందని అడగని భక్తుడు లేడు. ఏముందో మాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

పూర్వం ఇక్కడ కుమ్మరుల గుడిసెలు తప్ప మరేమీ ఉండేవి కావు. మిట్ట కింది వాగు ఒడ్డున దొరికే జిగట మన్నే వారికి ఆధారం. వారిలో సుంకన్న అనే అతడు కాగులు చేయడంలో నేర్పరి. ఏళ్ల తరబడి పొగ తగిలి అతని కళ్లు మసకబారడంతో, పచ్చి కాగులను కట్టెలతో ఆవంగా పేర్చి కాల్చే బాధ్యత భార్య ఓబులమ్మ మీద పడింది. ఆమె కష్టానికి వెనుదీసే మనిషి కాదు. ఆమెకు ఉన్నది ఒకటే జబ్బు, ఆందోళన. ఆవం పైన పెంకులు కప్పి మట్టితో మెత్తిన తర్వాత, అది కాలి చల్లారేదాకా ఎవరూ ముట్టరాదు. ఓబులమ్మ మాత్రం నిలవలేకపోయేది. లోపల ఏమవుతోందోనని ఒక పెంకు తొలగించి తొంగిచూసేది. ఆ సందులోంచి చల్లగాలి దూరి ఎర్రగా కాగిన కాగులు ఫట్టున పగిలేవి. పగిలాయన్న బెంగతో తర్వాతి ఆవాన్ని మరింత ముందుగా తెరిచేది.

ఆ ఏడు ఈ సీమ పాలెగాడు కోటలో ధాన్యం దాచడానికి నిలువెత్తు కాగులు కావాలన్నాడు. ఓబులమ్మ చేతిలో ఆవం తర్వాత ఆవం పెంకులైంది. పాలెగాడు మండిపడ్డాడు. ఈసారి కూడా పెంకులే మిగిలితే కుమ్మరులంతా మిట్ట ఖాళీ చేయాలని, వాగు మన్ను ఇక ముట్టరాదని చాటింపు వేయించాడు. మన్ను లేని కుమ్మరి ఎక్కడికి పోయి ఏం చేస్తాడు? ఆ మాట ఆ దొరకు తట్టలేదు. కోటలో కూర్చున్నవారికి అది ఎప్పుడూ తట్టదు.

సుంకన్న మళ్లీ కాగులు చేశాడు. ఓబులమ్మ ఆవం పేర్చింది. పెంకులు కప్పబోయే ముందు ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. కుమ్మరులు మొక్కుకునే అమ్మవారి రాయి ముందు నిలబడి తిట్టిపోసింది.

"మన్ను నేను తొక్కినా. కట్టెలు నేను మోసినా. కండ్లకు కునుకు లేకుండా కాపలా నేను కాసినా. నువ్వేం జేసినావు? బొట్టు బెట్టిచ్చుకోని కూచున్నావు!"

తిట్టి తిట్టి అలసిపోయి, ఆ మధ్యాహ్నం ఆ రాయి పక్కనే వాలిపోయింది. కలలో ఒక ముసలి కుమ్మరామె కనిపించింది. మోచేతుల దాకా మన్ను. ఓదార్చడానికి వచ్చిందనుకుంటే పొరపాటు, ఆ తల్లి కూడా కోపంగానే ఉంది.

"తొక్కేది నీ పని. పేర్చేది నీ పని. కాల్చేది నా పని. నా పని నన్ను ఏ పొద్దన్నా చెయ్యనిచ్చినావా? ఆవం మెత్తినాంక నాకు వీపు బెట్టి కూచో. తిరిగి చూసినావంటే నీకూ నాకూ చెల్లు."

ఓబులమ్మ లేచి పెంకులు కప్పింది, సందు లేకుండా మెత్తింది, నిప్పు పెట్టింది. ఆ తర్వాత ఆవానికి వీపు పెట్టి కూర్చుంది. చేతులు ఊరుకోకపోవడంతో ఒక తడిమట్టి ముద్ద తీసుకొని పిసుకుతూ ఉండిపోయింది. అంతలో మిట్ట మీద మబ్బు కమ్మింది. గాలి లేచింది. జనం పోగయ్యారు. సుంకన్నకు అన్న అయిన మద్దిలేటి పరుగున వచ్చాడు.

"వానొస్తాండాది ఓబులమ్మా! లోపల నిప్పు సచ్చిందో ఏమో, పెంకు దీసి చూడమ్మా!"

"నేను చూడను బావా. నిన్నూ చూడనియ్యను."

"మనమంతా వీధిన పడతాం గదమ్మా!"

ఆమెకు ఏడుపు వచ్చింది, ఏడుపు కంటే ఎక్కువ కోపం వచ్చింది. తల తిప్పకుండానే, వెనక ఆవంలో పని చేస్తున్న అమ్మవారికి వినబడేలా అరిచింది. "చేయాల్సిందంతా జేసినా. ఇంగ ఇవి నీ కాగులు. పగిలితే పొయ్యేది నీ పరువే, నాది గాదు!"

వాన పడింది. ఆమె కదలలేదు, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఆవం పూర్తిగా చల్లారాక మద్దిలేటి తెరిచాడు. వేలితో కొడితే కంచులా మోగే కాగులు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. అంచున ఉన్న ఒకటి మాత్రం నిలువునా పగిలింది. దాన్ని చూసి ఓబులమ్మ నవ్విందట.

"ఇది ఆయమ్మ పగలగొట్టింది. ముందువన్నీ నేను పగలగొట్టినా."

అట్టడుగున బోర్లా పెట్టిన కాగు నేలకు అతుక్కుపోయి ఎంత లాగినా రాలేదు. కోటకు కావలసినన్ని కాగులు దక్కడంతో పాలెగాడు నోరు మూసుకున్నాడు, కుమ్మరులు మిట్ట మీదే ఉండిపోయారు. రాని కాగును ఎత్తవద్దని ఓబులమ్మ కట్టడి చేసింది. ఆ కాగే మన బోర్లమ్మ.

నేటికీ భక్తులకు ఇక్కడ ఒక తడిమట్టి ముద్ద ఇస్తారు. అమ్మవారికి వీపు పెట్టి, ముద్ద పిసుకుతూ, మనసులోని బరువు చెప్పుకొని, ముద్దను వెనక్కి జార్చి, తిరిగి చూడకుండా వెళ్లాలి. ఇంత చిన్న నియమం పాటించడానికి ఏమైంది మనకు? భుజం మీదుగా సెల్‌ఫోన్ పెట్టి వెనక్కి చూసేవారు కొందరు. బిడ్డ చదువును అమ్మకు అప్పగించి, మెట్లు దిగకముందే ఫోన్ చేసి ఆ బిడ్డను చదివావా లేదా అని తినేసేవారు కొందరు. పుస్తకం ముట్టకుండా వచ్చి భారం నీదేనమ్మా అనే విద్యార్థులు ఇంకొందరు. మన్ను తొక్కనివాడికి ఆవం ఎక్కడిది? సాయంత్రం వచ్చి తమ ముద్ద ఉందో లేదో వెతుక్కునేవారిని చూస్తే మాకు ఒళ్లు మండుతుంది.

ఇక్కడ మొక్కితే కోరినవన్నీ జరుగుతాయని మేం రాయం. ఓబులమ్మకే ఒక కాగు పగిలింది. తన పని తాను చేసి, మిగిలినది నిజంగా వదిలి వెళ్లినవారు ఆ రాత్రి కంటినిండా నిద్రపోతారని మాత్రం తరతరాలుగా చూస్తున్నాం. ఆ చల్లదనం ఈ మిట్ట ఎక్కిన ప్రతివారికీ దక్కుగాక.

మీరు ముద్ద జార్చి, లేవబోయి, మెడ కాస్త పక్కకు తిప్పారో, ఇప్పటి పూజారమ్మ ఎల్లక్క గద్దిస్తుంది. ఆమెపై ఫిర్యాదు చేయకండి. ఆమె అనేది ఇంతే:

"నీ పని అయిపాయె. ఇంగ పో. ఆయమ్మ పని ఆయమ్మను చేసుకోనియ్యి."