కొమురవ్వ పోగు

ఇప్పటిదాకా ఎవరితోనూ పైకి అనని మాట ఒకటుంది. చిన్నప్పుడు కొన్నాళ్లు మా ఇంట్లో వండిన మాంసం కొమురవ్వ పోగు. అదేమిటో తెలియాలంటే ముందు కథ వినాలి.

జొన్నచేలు ఇంటికప్పు దాటి పెరిగే కాలంలో, వాగు ఊరిని అడిగి పారే కాలంలో, కొమురవ్వ అనే ముసలావిడ ఉండేది. కొడుకూ కోడలూ పోయారు. ముగ్గురు మనవలు మిగిలారు.

ఆ ఊరివాళ్లు సంతలో మాంసం కొనాలంటే కాళ్ల కడియాలు అమ్ముకోవాలి. అందుకని పండక్కి ఇంటికింత జొన్నలు వేసుకుని ఒక యాటను, అంటే మేకనో గొర్రెనో, తెచ్చేవాళ్లు. కోసి, మోదుగాకుల మీద పోగులు పెట్టేవాళ్లు. ఎన్ని ఇళ్లు కలిస్తే అన్ని పోగులు. తగువు రాకుండా ఒకరు అటు తిరిగి నిలబడాలి. యాటను కోసే రాజలింగు ఒక పోగు మీద కత్తి పెట్టి, "ఇదెవరిది?" అంటాడు. అటు తిరిగినవాళ్లు ఒక పేరు చెబుతారు. పిలిచిన పేరు తిరగదు. పటేలుకైనా తిరగదు.

అటు తిరిగేది కొమురవ్వే. అందుకు కూలిగా, తన పోగు కాక, ఒక నల్లిబొక్క, అంటే మూలుగున్న ఎముక, ఇచ్చేవాళ్లు.

ఒక ఏడు ఐలవ్వ మొగుడు తాటిచెట్టు మీంచి పడి మంచం పట్టాడు. ఇంట్లో జొన్నల్లేవు, పోగులో కలవలేదు. ఊరికే పెడితే ముట్టే మనిషి కాదు ఐలవ్వ.

పండగొచ్చింది. చివరి పోగు మిగిలింది. అది కొమురవ్వది.

"ఇదెవరిది?"

"ఐలవ్వది."

"ఆమె కలవలేదు గదనే అవ్వా!"

"పిలిచిన పేరు తిరగదు. పంపు."

"మరి నీకు?"

"నాకు పండ్లు గుంజుతున్నయి బిడ్డా, ముక్క నమలరాదు."

కొమురవ్వ నల్లిబొక్క తీసుకుని ఇంటికెళ్లింది. దాన్ని మసిలించి, దోసకాయలు కోసి వేసి, కారం దంచి పులుసు కాచింది.

"అవ్వా, ముక్కేది?" అన్నారు మనవలు.

"పులుసుల దాక్కున్నది. నాలుకతోని ఎతుకుర్రి."

రెండో పండగొచ్చింది. మళ్లీ ఐలవ్వ పేరే. "నాకు ఉపాసం బిడ్డా," అంది కొమురవ్వ. మూడో పండగొచ్చింది. మళ్లీ ఐలవ్వ పేరే.

"ఈసారి పండ్లా, ఉపాసమా?" అన్నాడు రాజలింగు.

"దోసకాయ మీద పానం గుంజుతున్నదిరా. నీకెందుకు, కత్తి కడుక్కో పో!"

ఐలవ్వ మొగుడు లేచి నడిచాడు. ఆ వానాకాలమే కొమురవ్వ కన్నుమూసింది.

ఒకనాడు బావి దగ్గర చిన్న మనవరాలు ఐలవ్వతో అంది: "అత్తా, మీ ఇంట్ల ముక్కలు పైకి కనవడ్తయా? మా ఇంట్ల పులుసుల దాక్కుంటుండె. మూడు పండగలు ఎతికినం, దొరకలే."

తన ఇంటికొచ్చిన మూడు పోగులూ ఎవరివో అప్పుడర్థమై, ఐలవ్వ చేతిలోని చేద బావిలో పడిపోయింది.

తర్వాతి పండక్కి ఐలవ్వ జొన్నలు వేసింది. "నేను అటు తిరుగుత," అంది. అన్ని పేర్లూ పిలిచింది. చివరి పోగు మిగిలింది. అది ఐలవ్వది.

"ఇదెవరిది?"

"కొమురవ్వది."



"పోయినోళ్లకు పోగుంటదా ఐలవ్వా?" అన్నాడు రాజలింగు.

"పిలిచిన పేరు తిరగదు. ఆ పిల్లలకు పంపు."

రాజలింగు పంపాడు. తన పోగులోంచి ఒక ముక్క తీసి ఐలవ్వ ఖాళీ ఆకులో వేశాడు. పక్కావిడ ఒకటి వేసింది. పటేలు ఒకటి వేశాడు. ఐలవ్వ ఇటు తిరిగేసరికి ఆకు నిండింది.

అప్పటినుంచి మా వైపు యాటను కోస్తే ముందు ఒక ఖాళీ ఆకు పరుస్తారు. అందరూ తలా ఒక ముక్క వేస్తారు. కలవలేని ఇంటి పేరు పిలిచి పంపుతారు. దాన్నే కొమురవ్వ పోగు అంటారు. ఒక ముక్క తగ్గిందని ఎవరైనా గొణిగితే, "దోసకాయ వేసుకో, అవ్వ నవ్వుతది," అంటారు.

మా నాయన మగ్గం ఆగిన ఏడు ఆ ఆకు మా ఇంటికొచ్చింది. మా పేరు పిలిచింది రాజవ్వ పెద్దమ్మ. అటు తిరిగే పిలిచింది. గుమ్మంలో నిలబడి చూసిన నన్ను ఆమె చూడలేదు. ఎదురుపడినా ఎన్నడూ ఆ ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇవాళ అరకిలో మాంసం తెచ్చి, నలుగురికీ సరిపోవాలని రెండు దోసకాయలు కోసి వేశాను. అందరం కడుపునిండా తిన్నాం. గిన్నెలో ఇంకా పులుసు ఉంది.

చేతులు కడుక్కుని, ఆ ఊసెత్తడానికి పెద్దమ్మకు ఫోన్ చేస్తాను.