సమ్మయ్య వెనక చక్రం

"వాడు గెలవకపోతే నేను గెలిచినట్టే కదా మాస్టారూ?" అని పైడిరాజు అడిగాడు.

నర్సీపట్నంలో మా జట్టు దిగిన సత్రం వరండాలో కూర్చుని ఉన్నాం. మర్నాడు పందేనికి ఆఖరి రోజు. వారం పాటు తూర్పు కనుమల వెంట సాగే సైకిల్ పందెం అది. రోజూ ఒక ఊళ్ళో బయల్దేరి ఇంకో ఊళ్ళో ఆగుతారు. అన్ని రోజుల సమయమూ కలిపితే ఎవడికి తక్కువ వస్తుందో వాడే విజేత. ఏ రోజుకా రోజు ఆ లెక్కలో ముందున్నవాడికి పసుపు చొక్కా తొడుగుతారు. నాలుగు రోజులుగా ఆ చొక్కా మా పైడిరాజు ఒంటి మీదే ఉంది. చింతపల్లిలో ఆఖరి గీత దాటేదాకా అది అక్కడే నిలిస్తే దేశం జట్టులో చోటు ఇస్తామని పెద్దలు మాటిచ్చారు. విజయనగరం సందుల్లో పాలక్యాన్లు కట్టుకుని సైకిలు తొక్కడం నేర్చుకున్న మనిషికి అది చిన్న సంగతి కాదు. పైగా ముప్పయ్యో ఏడు దగ్గర పడుతోంది. వచ్చే ఏడాది చూసుకుందాంలే అనుకునే వయసు దాటిపోయింది.

"వాడు" అంటే సమ్మయ్య. ఎర్ర చొక్కాల జట్టుకి నాయకుడు, హుజూరాబాద్ వైపు మనిషి. లెక్కలో మావాడి వెనకే, అర నిమిషం తేడాలో ఉన్నాడు. మూడో రోజు పైడిరాజు చక్రంలో గాలి పోయింది. అలాంటప్పుడు మిగతావాళ్ళు కాస్త నెమ్మదించడం ఈ పందేల్లో మర్యాద. ఎర్రజట్టు నెమ్మదించలేదు సరికదా, ఇంకాస్త వేగం పెంచింది. ఆ రోజు నుంచి మావాడికి అన్నం సయించడం లేదు. ముద్ద కలుపుతూ సమ్మయ్య మాట, పళ్ళు తోముకుంటూ సమ్మయ్య మాట. జట్టు జీపు తోలేవాణ్ణి నేను. రోజంతా చెవులప్పగించి వినాల్సింది నేనే కాబట్టి నాకు ఒళ్ళు మండిపోయేది. "ఒరే, సొంత బావమరిదిని కూడా ఎవడూ ఇన్నిసార్లు తలుచుకోడురా" అని ఒకసారి అనేశాను కూడా.

జోగారావు మాస్టారికి ఒక అలవాటుంది. ముప్పయ్యేళ్ళుగా కుర్రాళ్ళకి సైకిలు నేర్పుతున్నారు గానీ, ఎవడేమడిగినా మాటతో జవాబు చెప్పరు. "మాటతో చెబితే చెవిలోనే ఉండిపోతుందయ్యా" అంటారు. ఆ సాయంత్రమూ అంతే. ముందు పైడిరాజుని చెప్పనిచ్చారు.

"రేపు వాడి వెనక చక్రం మీంచి నా చూపు తిప్పను మాస్టారూ. వాడు వేగం పెంచడానికి సీటు మీంచి లేస్తే నేనూ లేస్తాను, వాడు ఆగితే నేనూ ఆగుతాను. గీత దాకా అంటుకుని ఉంటాను. ఇంక వాడెలా గెలుస్తాడు?"

"మరి పందెంలో మీరిద్దరేనా ఉన్నది?"

"మిగతావాళ్ళున్నారు. లెక్కలోకి రారు."

మాస్టారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "సరే, రేపు సాయంత్రం మళ్ళీ అడుగు" అని లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాటి దారి పొద్దున్నంతా మైదానంలోనే. పల్లెలన్నీ చుట్టి వచ్చి, ఎండ ముదిరే వేళకి లంబసింగి ఘాట్ కింద చేరి, అది ఎక్కి చింతపల్లిలో ఆగాలి. సైకిల్ పందెం ఎరగనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. మైదానంలో ముందు తొక్కేవాడే గాలిని చీల్చుకుంటూ పోవాలి. వాడి చక్రం వెనక దాక్కున్నవాడికి సగం శ్రమ తప్పుతుంది. అందుకని ఎవడూ ఊరికే ముందుకు రాడు. ముందు నువ్వు తొక్కు అంటే నువ్వు తొక్కు అనుకుంటారు. ఈ పందేలు కాళ్ళతో ఎంత గెలుస్తారో, ఇలా ఒకళ్ళనొకళ్ళు ముందుకి తోసుకోవడంలో అంత గెలుస్తారు.

బయల్దేరిన కాసేపటికే, కాలవ వంతెన దాటగానే, ఎర్రజట్టు నుంచి ఒకడు గుంపుని వదిలి ముందుకి దూకాడు. చూస్తే ఓదెలు! నాకు నవ్వాగలేదు. ఓదెలంటే ఆ జట్టులో నీళ్ళు మోసే మనిషి. తల నెరుస్తోంది. జీపు దగ్గరికి వెనక్కి రావడం, చొక్కాలో వీపు నిండా సీసాలు దోపుకోవడం, రొప్పుకుంటూ పోయి సమ్మయ్యకి అందించడం, ఏళ్ళ తరబడి అతని పందెం అదే. లెక్కలో మావాడికి అయిదు నిమిషాలు వెనక ఉన్నాడు. గుంపులో ఒక్కడు కూడా అతని వెంట పడలేదు. పోనీ పాపం, ఊళ్ళో జనం చప్పట్లు కొడతారు, ముచ్చట తీరుతుంది అనుకున్నాం.

రెండు గంటలు గడిచేసరికి నా నవ్వు ఎగిరిపోయింది. ఓదెలు ఆగడం లేదు. దూరం పెరుగుతోంది. నాలుగు నిమిషాలు, ఆరు, ఏడు. అయిదు దాటితే లెక్కలో చొక్కా అతనిదే. మా నీలం చొక్కాల కుర్రాళ్ళు ముందుకెళ్ళి తరుముతామన్నారు. పైడిరాజు చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడు. సమ్మయ్య ఎక్కడో గుంపు మధ్యలో ముడుచుకుని కూర్చుని తొక్కుతున్నాడు, అతని వెనక చక్రానికి జానెడు దూరంలో మావాడి ముందు చక్రం. ఆ జానెడు పెరగదు, తరగదు.

మాస్టారు నన్ను జీపు పైడిరాజు పక్కకి పోనివ్వమన్నారు. అద్దం దించి, "పైడీ, ముందు ఓదెలు దూరమైపోతున్నాడు" అన్నారు.

"పోనివ్వండి మాస్టారూ! మనవాళ్ళు తరిమితే కాళ్ళు అరిగేది మనవాళ్ళకే. ఈ సమ్మయ్య మన నీడలో హాయిగా వచ్చి ఘాట్‌లో లేస్తాడు. వీళ్ళ ఎత్తు అదే."

"మరి ఓదెల్ని ఎవరు పట్టుకుంటారు?"

"ఈయనే! తన సీసాలు మోసేవాడికి ఎవడన్నా పందెం వదిలేస్తాడా? చూస్తూ ఉండండి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఆగలేక లేస్తాడు. లేవగానే నేనుంటాను." ఇంత మాట్లాడినా కళ్ళు మాత్రం మా వైపు తిప్పలేదు.

"నువ్వు తరుము" అని మాస్టారు గట్టిగా ఒక్క కేక వేస్తే బాగుండునని నా ప్రాణం కొట్టుకుపోయింది. కానీ జెండా ఊపాక సీటు మీదున్నవాడి మాటే మాట అని నియమం పెట్టింది ఆయనే. ఒక్కసారి తల ఊపి, అద్దం ఎత్తేశారు.

మైదానంలో ఎవడూ తొక్కకపోయేసరికి గుంపంతా పెళ్ళి ఊరేగింపులా నడుస్తోంది. సమ్మయ్యకి ఎర్రజట్టు కుర్రాడొకడు సీసా మూత తీసి నోటికి అందించడం చూసి, "దొరవారికి నోట్లో పొయ్యాలి కాబోలు" అన్నాను నేను. ఒక ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకరుంటే దాని మీద చక్రం ఎగిరినప్పుడు సమ్మయ్య మొహం ముడుచుకుపోయింది. మావాడు పక్కనున్న కుర్రాడితో, "నాటకం రా. అలిసిపోయినట్టు నటిస్తున్నాడు. బలమంతా దాచుకుంటున్నాడు" అన్నాడు. ఆ మాట జీపులోకి వినబడేంత గట్టిగా అన్నాడు. సమ్మయ్యకి కూడా వినిపించే ఉంటుంది. అతను తల తిప్పలేదు.

ఘాట్ మొదలైంది. మొదటి మలుపు దగ్గరే గుంపు తెగిపోయింది. సత్తా ఉన్నవాళ్ళు సీట్ల మీంచి లేచి ముందుకి దూసుకుపోతున్నారు. పైడిరాజు కూడా లేచి, సమ్మయ్య పక్కకి వచ్చి, ఇక దూకడమే తరువాయి అన్నట్టు బిగుసుకుని ఉన్నాడు. సమ్మయ్య లేవలేదు. ఇంకా నెమ్మదించాడు. మావాడూ నెమ్మదించాడు. ఇద్దరినీ దాటుకుని అందరూ పోతున్నారు. మా జట్టు కుర్రాళ్ళు వెనక్కి తిరిగి "అన్నా! అన్నా!" అని కేకలు పెడుతున్నారు. ఇద్దరూ పడిపోతారా అన్నంత నెమ్మదిగా చక్రాలు తిరుగుతున్నాయి. అంతలో సమ్మయ్య బ్రేకు నొక్కి కాలు కింద పెట్టాడు.

పైడిరాజు కూడా కాలు కింద పెట్టాడు.

పసుపు చొక్కా తొడుక్కున్నవాడు పందెం మధ్యలో, ఘాట్ రోడ్డు మీద, ఆగి నిలబడ్డాడు! ఇంతకాలంలో అలాంటిది నేను చూడలేదు. ఇంకెవడన్నా చూశానని చెబితే నమ్మను కూడా.

సమ్మయ్య సైకిలు దిగి రోడ్డు పక్క రాతి గోడకి ఆనుకున్నాడు. ఎడం చేత్తో చొక్కా జిప్పు లాగాడు. కుడి భుజం మీద ఎముక చర్మం కింద నుంచి పైకి పొడుచుకొచ్చి ఉంది. చుట్టూ మెడ దాకా నల్లగా కమిలిపోయింది. మోచెయ్యి దగ్గర్నుంచి వాచి, వేళ్ళు ముడుచుకోవడం లేదు. నేను జీపు దిగి చూసి, అమ్మో అని మొహం తిప్పేసుకున్నాను. ముందు రోజు ఘాట్ దిగుతూ అతను జారిపడటం మేమందరం చూశాం. దులుపుకుని లేచి గీత దాటేసరికి ఏమీ కాలేదనుకున్నాం.

"ఇగ నువ్వు పో తమ్మీ. నాతోని కాదు. నా పని అయిపోయింది" అన్నాడు సమ్మయ్య.

"ఇది... ఇది పెట్టుకుని ఎందుకొచ్చావు?" అన్నాడు పైడిరాజు.

"నేను రాకుంటే మీరందరు ఓదెలన్న దిక్కు చూస్తరు గద" అన్నాడు సమ్మయ్య. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. నొప్పికి కళ్ళు మూసుకుని, గోడ మీద అలాగే కూలబడ్డాడు.

ఆ తరవాత మావాడు ఎక్కిన ఎక్కుడు చెప్పాలంటే నాకిప్పటికీ గుండె దడ. ఒక్కడే, ఏ చక్రం నీడా లేకుండా, నోట్లోంచి నురగ కారుతుండగా, దాటిపోయిన వాళ్ళందరినీ ఒక్కొక్కణ్ణే దాటుకుంటూ ఎక్కాడు. జీపులో మాస్టారు ముందున్న కమ్మీని పట్టుకుని కూర్చున్నారు. లంబసింగి చేరేసరికి ఓదెలుతో దూరం సగానికి సగం తగ్గింది. ఇంకో మైలు దారి ఉంటే చొక్కా నిలబెట్టుకునేవాడేమో. చింతపల్లిలో గీత దాటాక లెక్క కట్టి చూస్తే, వారం రోజుల మొత్తం మీద ఓదెలు మావాడి కన్నా పదకొండు సెకన్లు ముందున్నాడు.

పసుపు చొక్కా ఓదెలుకి తొడిగారు. అతనికి అది కాస్త వదులు. అప్పుడే ఎర్రజట్టు జీపు వచ్చి ఆగింది. తువ్వాలుతో భుజం కట్టుకుని సమ్మయ్య దిగాడు. ఓదెలు వేదిక మీంచి ఒక్క అంగలో దిగి, అందరిముందూ ఏడ్చుకుంటూ, చొక్కా విప్పి సమ్మయ్య మీద కప్పబోయాడు. "తియ్యకే అన్నా, చలి పెడ్తది" అన్నాడు సమ్మయ్య. చుట్టూ ఉన్న జనం నవ్వలేక, ఏడవలేక నిలబడిపోయారు. దేశం జట్టు పెద్దలు అక్కడే ఉన్నారు. మా వైపు ఎవరూ రాలేదు.

పైడిరాజు మా జీపు వెనక నేల మీద కూర్చుని ఉన్నాడు. తొడలు అదురుతున్నాయి, కళ్ళు చెమర్చలేదు గానీ మనిషి మనిషిలా లేడు. నేను రగ్గు తెచ్చి కప్పాను. మాస్టారు వచ్చి అతని పక్కనే మట్టిలో కూర్చున్నారు.

"మోసం మాస్టారూ" అన్నాడు. "పచ్చి మోసం! తొక్కలేనివాడు తొక్కేవాడిలా వచ్చి కూర్చున్నాడు. పొద్దున్నించీ నన్ను కట్టేశాడు. నా కళ్ళు కప్పాడు."

ఔనౌను అన్నాను నేను. నాకూ అలాగే అనిపించింది మరి.

మాస్టారు రగ్గు అంచు సర్ది, అతని వీపు మీద చెయ్యి వేశారు. గొంతులో కోపం లేదు.

"పొద్దున్నించీ అతని మీంచి చూపు తిప్పలేదు కదా నాయనా" అన్నారు. "ఆ విరిగిన భుజం నీకు ఒక్కసారైనా కనిపించలేదా?"