తొమ్మిదో ఆల్బమ్

పైడిరాజు సంతకం పెట్టేశాడు. పెట్టడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు గానీ, ఆ సంగతి మాస్టారి ముందు నోరు విప్పి చెప్పడానికి మాత్రం పొద్దుటి నించీ ధైర్యం చాలడం లేదు.

ఆ కాగితం మీద ఉన్నది మూడే ముక్కలు. రేపటి కచేరీలో లంగరు బ్యాండు 'ఉప్పుగాలి' వాయించాలి. 'తీరిక' వాయించకూడదు. వాయిస్తే కింద సంతకాలు చేసిన వాళ్లంతా హాల్లోంచి లేచి వెళ్లిపోతారు. కింద నూట డెబ్భై సంతకాలున్నాయి. హాలు పట్టేదే మూడు వందల మంది.

లంగరు అంటే విశాఖపట్నం వన్‌టౌన్‌లో పుట్టిన రాక్ బ్యాండు. యాభై ఏళ్ల కిందట వర్క్‌షాపులో పనిచేసే నలుగురు కుర్రాళ్లు కలిసి పెట్టారు. మూడు నిమిషాల పాటలు వాళ్లకి ఆనేవి కావు. ఒక్కోటి ఇరవై నిమిషాలు కట్టేవారు. మధ్యలో తాళం మారిపోయేది, పాట కాస్తా ఎటో వెళ్లిపోయి, ఇక రాదేమో అనుకునేసరికి తిరిగొచ్చేది. దాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని వాళ్లకి పదేళ్ల తర్వాత ఎవరో చెబితే తెలిసింది. ఆ నలుగురిలో ఇప్పుడు మిగిలింది ఒక్కరే, ఆర్గన్ వాయించే జ్ఞానప్రకాశం మాస్టారు. డెబ్భై నాలుగేళ్లు. మిగతా వాళ్లంతా తర్వాత వచ్చి చేరినవాళ్లు. పైడిరాజు నాలుగేళ్ల కిందట వచ్చాడు. గాజువాకలో ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసుకునే మనిషి, మాస్టారి దగ్గర పాఠం చెప్పించుకుని, వేదిక మీద ఆయన పక్కన రెండో కీబోర్డు దగ్గర కూర్చునేంత వాడయ్యాడు. 'ఉప్పుగాలి'లో వడి వరసలన్నీ మాస్టారు ఎన్నో ఏళ్లుగా ఆ రెండో కీబోర్డు కుర్రాళ్లకే వదిలేస్తున్నారు.

అభిమానులున్నారు చూశారూ, వాళ్లతోనే వచ్చింది తంటా అంతా. లంగరు తీసిన ఆల్బమ్‌లు తొమ్మిది. శుక్రవారం సాయంత్రమైతే చాలు, టీ కొట్టు దగ్గర చేరి ఆ తొమ్మిదింటికీ ర్యాంకులు ఇస్తారు. మొదటి రెండూ చెయ్యి తిరగడానికి తీసినవట. మూడోది 'ఉప్పుగాలి', దానికి తిరుగు లేదట. ఐదోది డ్రమ్మరుకి కొత్తగా పెళ్లయిన ఏడాది తీశారు కాబట్టి క్షమించేయాలట. తొమ్మిదో దాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతులు లేస్తాయి. దాని పేరు 'తీరిక'. నిండుగా, వడివడిగా వాయించే మాస్టారు అందులో మూడు స్వరాలు వాయించి ఆగిపోతారు. కాసేపయ్యాక ఇంకో రెండు. మళ్లీ ఆగిపోతారు.

"ఆ ఖాళీలోనే ఉందండీ అంతా. అది మౌనం. ఆయన ఎక్కడికో వెళ్లిపోయారు," అంటారు కాలేజీలో ఫిజిక్స్ చెప్పే హైమావతి గారు.

"ఖాళీకి టిక్కెట్టెందుకమ్మా? మా ఇంట్లో బోలెడంత ఉంది, వచ్చి వినండి," అంటాడు సుదర్శనం. ఈయన రిటైరైన పోస్టుమాస్టరు. లంగరు కచేరీ ఒక్కటి కూడా వదల్లేదు. 'ఉప్పుగాలి' పేరు చెబితే చెవి కోసుకునే మనిషి.

ఇన్నేళ్లూ ఇది టీ కొట్టు దగ్గరే ఆగిపోయేది. ఎందుకంటే లంగరుకి ఒక ఆనవాయితీ ఉంది. ఏటా వార్షికోత్సవం కచేరీకి హాలు గుమ్మంలో ఓ ఎనామిల్ బకెట్టు పెడతారు. లోపలికి వెళ్లేవాళ్లు తమకి ఏది కావాలో చీటీ మీద రాసి అందులో వేస్తారు. ఎక్కువ చీటీలు దేనికొస్తే అదే వాయిస్తారు. ముప్పై ఏళ్లుగా 'ఉప్పుగాలి'దే గెలుపు. ఈ ఏడాది మాస్టారు బకెట్టు పెట్టొద్దన్నారు. 'తీరిక' మొత్తం వాయిస్తాను, అదొక్కటే, అన్నారు. ఎందుకో చెప్పలేదు.

దాంతో నిన్న శుక్రవారం టీ కొట్టు దగ్గర పెద్ద గొడవే అయింది. పదిహేనేళ్లుగా ఒకే స్కూటరు మీద వచ్చే ఇద్దరు స్నేహితులు చొక్కాలు పట్టుకున్నారు. సుదర్శనం కాగితం తీసి పైడిరాజు ముందు పెట్టాడు.

"మాస్టారి పేరు నిలబడాలా, వద్దా? ఎల్లుండి ఆ నత్తనడక విని కొత్తవాళ్లేమనుకుంటారు, ముసలాయన పని అయిపోయిందనుకోరూ? నువ్వు చెబితే వింటారు. 'ఉప్పుగాలి' ఎప్పట్లా నువ్వే వాయించు. నీ అంత బాగా వాయించేవాడు ఈ ఊళ్లో లేడు. మాస్టారి తర్వాత లంగరు నీదే, అది మా అందరి మాట."

ఆ ఆఖరి మాటకి పైడిరాజు పడిపోయాడు. ఎందుకు పడడు, మనిషన్నాక. సంతకం గిలికేశాడు.

ఇప్పుడు శనివారం మధ్యాహ్నం. మాస్టారింటి అరుగు మీద కూర్చుని లోపలికి వెళ్లాలా వద్దా అని తెగ మథనపడుతున్నాడు. చెబితే మాస్టారు ముఖం చూస్తారో చూడరో. చెప్పకపోతే రేపు సగం హాలు లేచి వెళ్తుంటే ఆయన పక్కనే కూర్చుని చూడాలి.

"ఏట్రా, అరగంట నించీ అరుగు అరగదీస్తున్నావు. లోపలికి రా," అన్నారు మాస్టారు.

వెళ్లాడు. కిటికీలోంచి పోర్టు క్రేన్లు కనిపిస్తున్నాయి. మాస్టారు ఆర్గన్ పక్కన స్టూలు మీద కూర్చుని వైర్లకి నల్ల టేపు చుడుతున్నారు.

"మాస్టారూ, రేపు జనం 'ఉప్పుగాలి' అడుగుతున్నారండి."

"జనమా, నువ్వా?"

"నేను కూడానండి."

"బకెట్టు పెట్టుంటే అదే గెలిచేది."

"అదే నేనూ అంటున్నానండి. గెలిచేదాన్ని పక్కన పెట్టి, ఎందుకండీ ఈ 'తీరిక'? మూడు స్వరాలు, ఓ ఖాళీ. మీరు వాయించాల్సింది కాదండి అది. బయట మీకు ఓపిక అయిపోయిందంటున్నారు. వింటుంటే నాకు కడుపు మండిపోతోంది."

"నువ్వూ అలాగే అనుకుంటున్నావా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "అనుకుంటున్నానండి."

మాస్టారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. సొరుగు లాగి ఓ కాగితం తీసి ఆర్గన్ మీద పెట్టారు. సుదర్శనం కాగితమే అది.

"పొద్దున్నే ఇచ్చి వెళ్లాడు. నీది ముప్పయ్యోది. నీ దస్తూరీ ఇంత బాగుంటుందని తెలీదు నాకు."

పైడిరాజు తల ఎత్తలేకపోయాడు. నాలుగేళ్లు అన్నం పెట్టి పాఠం చెప్పిన మనిషి ముందు ఇలా దొరికిపోయాక ఏం మాట్లాడతాడు. ఇక పొమ్మంటారు, అంతే, అనుకున్నాడు.

"కుడిచెయ్యి ఇటివ్వు," అన్నారు మాస్టారు.

ఇచ్చాడు. మాస్టారు వాడి ఉంగరం వేలినీ చిటికెన వేలినీ దగ్గరగా నొక్కి, అరచేతిలోకి కాస్త మడిచి, నల్ల టేపు చుట్టడం మొదలుపెట్టారు. ఎడంచేత్తో చుట్టి, పంటితో తెంపారు.

"కూర్చో. 'ఉప్పుగాలి' వాయించు."

"ఈ చేత్తోనా?"

"ఊఁ."

పైడిరాజు కూర్చున్నాడు. నిద్రలో లేపి అడిగినా వాయించగలడు దాన్ని. మొదటి వరస ఎలాగోలా గడిచింది. రెండో వరసలో చెయ్యి ఆర్గన్ పై మెట్లకి పాకాల్సిన చోట బొటనవేలు వెళ్లి తప్పు మెట్టు మీద పడింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే. మూడోసారి మాస్టారు చెయ్యెత్తి ఆపారు.

"ఇప్పుడు 'తీరిక'."

"అందులో మీ భాగం నేను నేర్చుకోలేదు కదండీ."

"తిట్టడానికైనా విన్నావుగా. వచ్చినంత వాయించు."

అదీ నిజమే. తప్పులెంచడానికి వందసార్లు విన్నాడు. ఎక్కడ ఎంతసేపు ఆగారో టీ కొట్టు దగ్గర వాచీ చూసి మరీ చెప్పేవాడు. మూడు స్వరాలు వాయించాడు. మూడు వేళ్లకి మూడూ అందాయి. తర్వాత రెండు స్వరాలు పైన ఎక్కడో ఉన్నాయి. చెయ్యి మొత్తం ఎత్తి తీసుకెళ్లి పెట్టాలి. తొందరపడకుండా తీసుకెళ్లాడు. చెయ్యి అక్కడికి చేరేసరికి ఆ ఖాళీ సరిగ్గా అయిపోయింది. మళ్లీ కిందికి. మళ్లీ సరిపోయింది. వేళ్లు ఎక్కడా తడబడలేదు, ఒక్క మెట్టూ తప్పలేదు. ఇంతకు ముందు ఒట్టి ఆగడం అనుకున్న ప్రతిచోటా ఇప్పుడు తన చెయ్యి గాల్లో ఉంది, కిందటి స్వరం ఇంకా మోగుతూనే ఉంది.

పది వరసలు అయ్యాయో లేదో, చేతులు తీసేశాడు. తల తిప్పి మాస్టారి కుడిచెయ్యి చూశాడు. అది ఎప్పటిలాగే ఒళ్లో ఉంది, రెండు వేళ్లు లోపలికి మడుచుకుని. నాలుగేళ్లుగా పాఠం ఎడంచేత్తోనే చూపించేవారు. అదేదో ఆయన పద్ధతి అనుకున్నాడు తను.

"ఎప్పట్నించండీ?"

"తొమ్మిదేళ్లు దాటింది. నరం పట్టేసింది. ఈ రెండు వేళ్లూ ఇక రావన్నారు."

"ఎవరికీ చెప్పలేదా?"

"డాక్టరుకి తెలుసు. ఇప్పుడు నీకు."

పైడిరాజుకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎంత సిగ్గేసిందంటే, ఆ ఆర్గన్ కిందికి దూరిపోదామనిపించింది. వాచీ పట్టుకుని లెక్కలు చెప్పిన నోరు కదా తనది. పంటితో టేపు పీక్కుంటూ గబగబా అన్నాడు.

"చెప్పేస్తానండి. ఇప్పుడే వెళ్లి అందరికీ చెప్పేస్తాను. ఈ ఒక్క ముక్క చెబితే రేపు ఒక్కడు లేస్తే నన్నడగండి. సుదర్శనం గారు వచ్చి మీ కాళ్ల మీద పడతారు."

"పడతాడు. మంచివాడే వాడు. కళ్లు తుడుచుకుంటూ ఆఖరిదాకా కూర్చుంటాడు కూడా." మాస్టారు కాగితం మడిచి సొరుగులో పెట్టేశారు. "నా చేతిని చూస్తూ కూర్చుంటాడు. మరి పాట ఎవడు వింటాడ్రా?"

పైడిరాజు పీకిన టేపుని ఉండలా చుట్టాడు.

"రేపు ఐదింటికి. రావాలనుంటే రా," అన్నారు మాస్టారు.

ఆదివారం ఐదింటికి హాలు నిండిపోయింది. గుమ్మంలో బకెట్టు లేదు. సుదర్శనం మూడో వరసలో మధ్యన కూర్చున్నాడు. ఆయనకి అటూ ఇటూ, వెనకా ముందూ, అంతా సంతకాల వాళ్లే. హైమావతి గారు ఆ చివర నోట్‌బుక్కు పట్టుకుని ఉన్నారు. పాట పేరు చెప్పడం పైడిరాజు పని. మైకు ఎప్పుడూ వాడి కీబోర్డు ముందే ఉంటుంది.

"తీరిక," అన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. చప్పట్లు కొట్టినవాళ్లు తక్కువ.

మాస్టారు మూడు స్వరాలు వాయించి చెయ్యెత్తారు. ఆ ఖాళీలో మూడో వరసలో కుర్చీ కిర్రుమంది. సుదర్శనం లేచి నిలబడ్డాడు. ఆయన వెనకాలే ఒకరూ, ఇద్దరూ, ఇక వరసకి వరస. ఎవరూ కేకలు వెయ్యలేదు, ఈలలు వెయ్యలేదు. పెళ్లిలో పంక్తి లేచినట్టు మర్యాదగా లేస్తున్నారు. అదే ఇంకా ఘోరంగా ఉంది.

మాస్టారు మిగతా రెండు స్వరాలు వాయించారు. మళ్లీ చెయ్యెత్తారు.

సుదర్శనం వేదిక దాకా వచ్చి ఆగాడు. ముఖం ఎర్రబడి ఉంది. ఏడుపు ఆపుకుంటున్నాడని పైడిరాజుకి అర్థమైంది. యాభై ఏళ్లలో మొదటిసారి లంగరు కచేరీ మధ్యలో వదిలిపోతున్నాడు మరి.

"ఏమయ్యా పైడిరాజూ, నువ్వైనా చెప్పు. ఎందుకీ మొండిపట్టు? ఒక్క కారణం చెప్పు, కూర్చుంటాం," అన్నాడు.

నడుస్తున్నవాళ్లు కూడా ఆగారు. హాలంతా పైడిరాజు వైపు చూస్తోంది. నోటికి జానెడు దూరంలో మైకు. నాలుగు మాటలు చాలు, అందరూ వెనక్కి వచ్చి కూర్చుంటారు. గొంతుదాకా వచ్చాయి ఆ మాటలు. మాస్టారి వైపు చూశాడు. మాస్టారు సుదర్శనాన్నీ చూడ్డం లేదు, జనాన్నీ చూడ్డం లేదు. పైకెళ్తున్న తన చేతినే చూసుకుంటున్నారు. ఆ చెయ్యి దిగగానే రెండో కీబోర్డు అందుకోవాలి.

పైడిరాజు మైకుని పక్కకి తిప్పేశాడు. రెండు చేతులూ మెట్ల మీద పెట్టి, మాస్టారి చెయ్యి దిగే దాకా ఆగి, తన స్వరం అందుకున్నాడు.

కుర్చీల చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత వినిపించలేదు. 'తీరిక' మొత్తం నలభై ఒక్క నిమిషాలు.

అంతా అయ్యాక, తెర వెనక మాస్టారు కుర్చీలో కూలబడి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. పైడిరాజు వైర్లు చుడుతున్నాడు.

"చివరికి ఎంతమంది మిగిలార్రా?" అని అడిగారు మాస్టారు.

పైడిరాజు చుడుతున్నవాడల్లా ఆగి, ఆలోచించాడు.

"చూడలేదండి మాస్టారూ," అన్నాడు.