నెమలి ఆట లేని ప్రయోగం

సముద్రం ఒడ్డున, మనుషుల రాకెట్ కేంద్రం పక్కనే ఒక సరుగుడు అడవి ఉంది. ఆ హడావిడి చూసి చూసి అక్కడి జంతువులకూ అదే పిచ్చి పట్టుకుంది. గద్ద వాటి రాకెట్. వానకోవెల పిట్టల్ని వీపు మీద ఎక్కించుకుని మబ్బుల దాకా మోసుకెళ్ళి వదిలేది. నేల మీద వాలకుండా తిరిగే ఆ పిట్టలే వాటి ఉపగ్రహాలు. వాన ఎటు నుంచి వస్తోందో, చేపలు ఎక్కడున్నాయో పైనుంచి చూసి చెప్పేవి.

ప్రతి ప్రయోగానికీ ముందు నెమలి ఆడాల్సిందే. అడవంతా వచ్చి చూసేది. జనం వచ్చేది తన ఆట కోసమేనని, గద్ద ఎగరడం ఊరికే ముగింపని నెమలి నమ్మకం.

ఒకరోజు పొద్దున్నే ఆట లేదు, పిలుపు లేదు, గద్ద చప్పుడు చేయకుండా ఎగిరిపోయింది. పొదచాటు నుంచి చూసిన నెమలికి ఒళ్ళు మండింది. నేరుగా అడవి పెద్ద అయిన దున్న దగ్గరికి పోయింది.

"నన్ను పిలవకుండా ప్రయోగమా పెద్దయ్యా?"

"ఇది కాపలా పని నాయనా. తోడేళ్ళకు తెలియకూడదు. అందుకే ఎవర్నీ పిలవలేదు."

"గద్దకు తెలియొచ్చు, ఆ పిడికెడు పిట్టలకు తెలియొచ్చు. నాకు మాత్రం తెలియకూడదా?"

"మోసేవాడికి తెలియకపోతే ఎట్లా? నువ్వు పోయి ఇల్లు చూసుకో."

ఉత్తరం కాలువ గట్టున ఆడనెమలి గుడ్లు పొదుగుతోంది. ఈయనగారు మాత్రం ఇల్లు వదిలేసి, రోజంతా మెడ ఎత్తి ఆకాశంలోకి చూస్తూ కుళ్ళిపోయారు. ఆ సంగతి నక్క పసిగట్టింది. తోడేళ్ళు తిని వదిలేసిన ఎముకలతో బతికే నక్క అది.

"ఏంది బావా, నీ ఆట లేకుండానే కానిచ్చేశారంట? సంగతేందో కూడా నీకు చెప్పలేదంట?"

"ఎవడన్నాడు? నాకు తెలియని రహస్యమా?"

"పోనీలే బావా. గద్దతో సమానంగా నీకు చెబుతారా ఏంది?"

ఆ మాటకు నెమలి ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

"నాలుగు పిట్టలు! నాలుగూ ఉత్తరం కాలువ మీదే తిరుగుతున్నాయి. దక్షిణాన మడ అడవి మీద ఒక్కటీ లేదు. చాలా? ఆ గద్దనడుగు, ఇంత వివరంగా చెబుతుందేమో!"

"అబ్బో, నువ్వు మామూలోడివి కాదు బావా," అంటూ నక్క తోక ఊపుకుంటూ పోయింది. అప్పటికి నెమలి కడుపు చల్లబడింది.

కాపలా అంతా ఉత్తరం గట్టునే ఉందని నక్క చెప్పగానే, తినడానికి అక్కడేదో ఉందని తోడేళ్ళు లెక్కేసుకున్నాయి. మరుసటి మధ్యాహ్నం మడ అడవిలోంచి చుట్టూ తిరిగి, గట్టుకు వెనక వైపు నుంచి వచ్చిపడ్డాయి. పిట్టలు చూసి కేకలు పెట్టేసరికి ఆలస్యమైపోయింది. ఆడనెమలి చెట్టెక్కి ప్రాణం దక్కించుకుంది. గుడ్లు దక్కలేదు.

పెంకుల మధ్య నిలబడి నెమలి అరిచింది. "ఆ గొప్ప గద్ద, ఆ పిట్టలు ఏం కాపలా కాసినట్టు?"

"గూటి దగ్గర తోడేలు అడుగులు కనబడితే, పెద్దయ్య కాళ్ళు పట్టుకుని ఆ పిట్టల్ని అడిగింది నేనే," అంది ఆడనెమలి. "మన గుడ్ల కోసమే పంపారు."

"నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"చెబితే మీరు ఊరుకునేవాళ్ళా? ముందు నా ఆట ఉండాలనేవాళ్ళు."



తనకు దక్కని మర్యాద చూసి ఏడ్చేవాడు, తన కోసం కాసే కాపలాను తానే పోగొట్టుకుంటాడు.