నూకాలు రాత, జోగులు పేజీ

కొండవాగులో నూకాలు అనే నీటికుక్క ఉండేది. వాగు దాటాలంటే అడవిలో అందరూ దాని వెబ్‌సైటే చూసేవారు. ఎక్కడ లోతు, ఏ రాయి జారుతుంది, వాన పడ్డాక ఎటు దిగాలి, అన్నీ నూకాలు తానే మునిగి చూసొచ్చి రాసేది. భయపడేవాళ్ళకు ముందు ఈదుతూ దారి చూపించేది.

ఒక పొద్దున ఫోను చూస్తుంటే జోగులు నక్క కొత్తగా పెట్టిన వెబ్‌సైటు కంటపడింది. ‘వాగు దాటిస్తాం, నమ్మి రండి’ అని దాని పేరు. నూకాలు దాన్ని తెరిచి చదివింది. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా తన రాతే! ‘లోతు’ అనబోయి ‘లోటు’ అని తాను కొట్టిన తప్పు కూడా అలాగే ఉంది.

తిన్నగా నక్క బొరియకు పోయింది.

“ఏం జోగులూ, ఇది నా రాత కాదూ?”

“వాగు నీ ఒక్కదానిదా వదినా? నువ్వూ రాశావు, నేనూ రాశాను. కలిసిపోయాయి.”

“తప్పుతో సహానా?”

“మంచి మాట పదిమందీ వాడుకుంటే సంతోషించాలి గానీ!” అని నక్క తోక దులుపుకుని లోపలికి పోయింది.

నూకాలు ఇంటికొచ్చి రెండు పేజీలకూ తేదీలతో సహా స్క్రీన్‌షాట్లు తీసి దాచింది. ఆ సాయంత్రమే కొండమీద వాన దంచికొట్టింది. వాగులోకి అందరూ దిగే నల్లబండ పక్కన నేల కోసుకుపోయి పెద్ద గుంట పడింది. నూకాలు వెంటనే తన పేజీలో ‘నల్లబండ వైపు దిగకండి’ అని మార్చింది. జోగులు పేజీలో పాత మాటే ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వాగులోంచి కేక వినిపించింది. పైడమ్మ అనే జింక, నిండు చూలాలు, గుంటలో గిరగిరా తిరుగుతోంది.

నూకాలు ఒక్క దూకు దూకింది. “ఎదురీదకు! నీటివాలునే రా, నా వెనకే రా!”

ఎలాగో ఇసుకమేటకు చేరాక పైడమ్మ వణుకుతూ, “నల్లబండ దగ్గర దిగమని నువ్వే రాశావు గదమ్మా!” అంది.

“నేనా? ఎక్కడ చూశావు?”

“జోగులు పేజీలో. మాట తీరు చూసి నీదేననుకున్నాను.”

నూకాలుకు అప్పుడు అర్థమైంది. తన మాటే తల్లినీ బిడ్డనూ మింగబోయింది!

అడవి వెబ్‌సైట్లన్నీ దాలినాయుడు అనే ముసలి ఏనుగు చూసుకునేది. సంగతి విని అది నూకాలునూ జోగులునూ పిలిపించింది.

నక్క ముందే అందుకుంది. “తాతా, నా రాతను ఇదే ఎత్తుకుపోయింది!”

నూకాలు స్క్రీన్‌షాట్లు ఏనుగు ముందు పెట్టింది.

“తేదీలదేముంది తాతా, మార్చి ఉంటుంది” అంది నక్క.

“అయితే తాతా, జోగులు పేజీని జోగులుతోనే పైకి చదివించండి” అంది నూకాలు.

నక్క గొంతు సవరించుకుంది. “‘మా గురించి. నేను ఈ వాగులోనే పుట్టాను. నా వేళ్ళ మధ్య పొర ఉంది కనుక ఎంత వడి నీళ్ళలోనైనా...’”

నక్క అక్కడ ఆగిపోయింది. ఆ ముక్క అది అంతవరకూ చదవనేలేదు.

“ఆగావేం?” అంది ఏనుగు. “ఏదీ, కాలు ఇలా పెట్టు. ఆ పొర చూద్దాం.”

నక్క నాలుగు కాళ్ళూ కడుపు కిందికి ముడుచుకుని కూలబడింది. చూడవచ్చినవాళ్ళలోంచి పైడమ్మ ముందుకొచ్చింది.

“చదవకుండానే నన్ను నీళ్ళలోకి దింపావా?” అంది పైడమ్మ.

ఏనుగు అక్కడికక్కడే దాని పేజీ తీసేసింది. ఆ తర్వాత జోగులు వాగు దాటాల్సి వచ్చినప్పుడు, ఎక్కడ దిగాలో నూకాలు పేజీ తెరిచి, ఈసారి ఒక్క మాటా వదలకుండా చదువుకుంది.

నీతి: రాత దొంగిలించినంత మాత్రాన ఆ రాత వెనకున్న పని చేతికి రాదు.