చుట్టూ తిరిగి వచ్చిన అన్నం

వినీల్‌కి లెక్కలంటే ప్రాణం. ఊరి చివర మల్లెలపాడు రోడ్డు మీద ఎప్పుడూ బళ్ళు ఇరుక్కుపోతుంటే, దాన్ని బాగుచేసే ప్లాను నేను వేస్తానని ఆఫీసులో తనే అడిగి మరీ నెత్తిన వేసుకున్నాడు. ఎండనక వాననక రోడ్డు పక్కన నిలబడ్డాడు. కొలిచాడు, గీశాడు. ఇక మునిసిపల్ ఆఫీసులో చూపించి సరే అనిపించుకోవడమే మిగిలింది. అది ఆ మధ్యాహ్నమే.

అయినా మనసులో ఏదో గుచ్చుకుంటోంది. వారం కిందట రోడ్డుకి అవతలి వీధుల వాళ్ళు వచ్చి, ఈ ప్లాను మాకొద్దని గొడవ పడి వెళ్ళారు. ఎంత చెప్పినా ఒక్కరూ వినలేదు.

ఆ పొద్దున అతను రోడ్డు పక్కనే ఉన్న చిన్న బౌద్ధ విహారానికి వెళ్ళాడు. అక్కడి పెద్ద భిక్షువు సుమన భంతే. ఇంట్లో చదువుకునే చోటు లేని రోజుల్లో వినీల్‌కి ఆ హాల్లో ఒక దీపం, ఒక చాప ఇచ్చింది ఆయనే. ఆ రుణం మరిచిపోలేదు వినీల్. ప్లాను పూర్తయిన సంతోషంలో ఆ రోజు భంతేకి భోజనం తానే సమర్పిస్తానని ముందే చెప్పి, సరుకులన్నీ పంపించాడు.

భంతే రోజుకి ఒక్కపూటే తింటారు. వంటకాలన్నీ ముందుకి వచ్చాక, దాత స్వయంగా చేతులతో అందించాలి. అదీ మధ్యాహ్నం పన్నెండు లోపే. ఆ వేళ దాటితే మళ్ళీ మర్నాటి దాకా ముద్ద ముట్టరు.

వినీల్ మొక్కి కూర్చున్నాడు. "భంతే, మంచి చేయబోతుంటే జనం ఎందుకు అడ్డం పడతారు?"

"ఆ మంచి నాకూ చూపించు," అన్నారాయన.

అదే చాలనుకుని వినీల్ చంకలోని కాగితం చుట్ట విప్పాడు. పొడుగాటి కాగితం. హాలు మధ్యలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకుంది. ఇటువైపు భంతే ఆసనం, వీధి తలుపు. అటువైపు వంటగది.

"డివైడర్‌లో ఖాళీలన్నీ మూసేస్తున్నాం. అడ్డదిడ్డంగా దాటేవాళ్ళ వల్లే బళ్ళు ఆగుతున్నాయి. దూకకుండా ఎత్తుగా గ్రిల్ కూడా పెడతాం. ఒక్కో బండికి ఆరు నిమిషాలు మిగులుతుంది. రోజుకి నలభై వేల బళ్ళు. నాలుగు వేల గంటలు, భంతే!"

"అవతలికి వెళ్ళాల్సినవాళ్ళో?"

"వంతెన దగ్గర తిరిగి రావచ్చు. కాస్త చుట్టు, అంతే."

ఇంతలో పున్నమ్మ అన్నం గిన్నెతో వంటగది గడప మీదికి వచ్చింది. ఆమెది రోడ్డుకి అవతలి వీధే. విహారంలో ఏళ్ళుగా వంట ఆమె చేతి మీదే నడుస్తోంది.

"బాబూ, అది కాస్త చుట్టెయ్. అన్నం తేవాలి."

"తొక్కకు పిన్నీ. మధ్యాహ్నం ఆఫీసులో చూపించాలి."

"పోనీ ఇక్కణ్ణుంచే అందిస్తా, పట్టుకో."

"చుక్క పడిందంటే అంతే సంగతులు. పెరట్లోంచి తిరిగి రా పిన్నీ. రెండు నిమిషాలే కదా."

పున్నమ్మ భంతే వైపు చూసింది. "ఎవరూ తొక్కకండి. అది అతని కష్టం," అన్నారాయన.

"ఒక్క దూకు దూకేదాన్నే గానీ, గ్రిల్ పెడతానంటున్నాడుగా," అంటూ ఆమె వెనక్కి తిరిగింది. వినీల్ కూడా నవ్వేశాడు.

ఆమె వెనక తలుపు దాటి, పెరడు దాటి, ప్రహరీ పక్కనుంచి వచ్చి, వీధి మెట్లెక్కి అన్నం పెట్టింది. మళ్ళీ అదే దారిన వెళ్ళి పప్పు తెచ్చింది. వినీల్ బస్సులు ఆగే చోట్ల గురించి చెబుతున్నాడు. కూర తెచ్చేటప్పటికి ఆమె ఒక చేత్తో గోడ పట్టుకుని మెట్లెక్కుతోంది.

అది చూసి వినీల్ లేవబోయాడు.

"ఈ నీలం గీత ఏమిటి నాయనా?" అని అడిగారు భంతే.

అడిగేవాళ్ళుంటే వినీల్‌కి అంతకంటే ఏం కావాలి? మళ్ళీ కూర్చుని చెప్పసాగాడు.

పున్నమ్మ పెరుగు గిన్నె తెచ్చి కింద పెడుతుండగా గోడ గడియారం పన్నెండు కొట్టింది.

వినీల్ గబగబా అన్నం గిన్నె రెండు చేతులా ఎత్తాడు. భంతే తన భిక్షాపాత్ర మీద మూత పెట్టేశారు.

"ఇప్పుడే కదా భంతే కొట్టింది."

"కొట్టింది కదా."

గిన్నె చేతుల్లోనే ఉండిపోయింది. అన్నం మీంచి ఇంకా ఆవిరి వస్తోంది. తనకి దీపం ఇచ్చిన మనిషి తన మూలంగా రేపటి దాకా పస్తు.

భంతే కళ్ళు మూసుకున్నారు. భోజనం అయ్యాక రోజూ చదివే కృతజ్ఞతా గాథలు మొదలుపెట్టారు. ఒక్క అక్షరం తగ్గించకుండా, నింపాదిగా, చివరి దాకా చదివారు. పున్నమ్మ మోకాలు రాసుకుంటున్నదల్లా ఆపి చేతులు జోడించింది.

"మీరు తిననే లేదు," అన్నాడు వినీల్ మెల్లిగా. "ఇంకా ఎందుకు చదివారు భంతే?"

"నేను తిననంత మాత్రాన పున్నమ్మ నడిచింది లేకుండా పోతుందా?"

వినీల్ ఆమె వైపు చూశాడు. పాదాల నిండా పెరటి మట్టి. నుదుటి మీద చెమట.

"నిన్ను ఇన్నిసార్లు తిప్పించాను పిన్నీ."

"పోనీలే బాబూ. మా వీధి వాళ్ళకి రేపట్నుంచి ఎలాగూ ఇదేగా. నేను ముందే అలవాటు చేసుకుంటున్నా," అంది ఆమె నవ్వుతూనే.

వినీల్ నవ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని కాగితం చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టడం అయ్యాక ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"సార్, ఇవాళ చూపించలేను. లేదు సార్, వేసిన లెక్క తప్పలేదు. లెక్కలోకి రానివాళ్ళు ఉన్నారు." అవతలి గొంతు పెద్దదైంది. ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తానంటోంది. "మీ ఇష్టం సార్. నాకే ఇస్తే మాత్రం, దాటే చోట్లతో కలిపి మళ్ళీ గీసుకొస్తాను."

ఫోను పక్కన పెట్టి, అతను పున్నమ్మకి చేతులు జోడించాడు. చాలాసేపు దించలేదు.

"పున్నమ్మా, అబ్బాయి పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేడు. అన్నం పెట్టు," అన్నారు భంతే.

పున్నమ్మ వంటగదిలోకి వెళ్ళి పళ్ళెం కడిగి తీసుకుని, హాలు మధ్య నుంచి నేరుగా అతని దగ్గరికి వచ్చింది.