దొర తాగిన అంబలి

సుభాషిణమ్మ గారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్లకే ఏదో ఒక పని చెబుతారు. ముప్పయ్యేళ్లు బడిలో భూగోళం చెప్పి రిటైరైన ఆవిడ దగ్గరికి, సభల్లో మాట్లాడడం నేర్చుకోవడానికి కుర్ర టీచర్లు ఇప్పటికీ వస్తుంటారు. వాళ్లందరిలో ఎక్కువ ప్రశ్నలు వేసి, ఎక్కువ పనులు చేసినవాడు భుజంగం.

కొండ కింద ఉన్న ఆ ఊళ్లో ఏటా 'లోయ కనిపెట్టిన రోజు' జరుగుతుంది. నూటయాభై ఏళ్ల కిందట విల్బీ అనే తెల్లదొర కొండల నడుమ లోయను కనిపెట్టాడని ఆ రోజు బడికి సెలవు. గోగునార మీసం అంటించుకుని, గుండ్రటి టోపీ పెట్టుకుని దొర వేషం కట్టేదీ, లోయ దాకా ఊరేగి అక్కడ దొర డైరీలో పేజీ చదివేదీ భుజంగమే. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో పెళ్లాన్ని కేకేసి తెలుసుకునే మనిషి, ఏడేళ్లుగా ఏటా ఒక లోయను కనిపెడుతున్నాడు. ఊరు చప్పట్లు కొడుతోంది.

ఈ ఏడాది లోయలోని ఆదివాసీ ఆడవాళ్లు ఆ పండగ ఎత్తెయ్యమని పంచాయతీకి అర్జీ పెట్టారు. ఆదివారం సభ. పండగ పక్షాన మాట్లాడవలసింది భుజంగం. ఓడితే మీసం, టోపీ, చప్పట్లు మూడూ పోతాయి.

"వాళ్లు అక్కడ ఉంటే ఉన్నారమ్మా. దొర వెళ్లి కనిపెట్టకపోతే ఆ లోయ ఉందని ఎవరికి తెలిసేది?" అని అడిగాడు.

సుభాషిణమ్మ గారు వక్క కత్తిరించడం ఆపలేదు. పొద్దున్నే వేషంతో సహా లోయకు వెళ్లి రమ్మన్నారు. ఒక్కడే వెళ్లాలి, దారి ఎవరినీ అడగకూడదు. ఏడుసార్లు నడిచిన దారే గదా అని భుజంగం లోలోపల నవ్వుకున్నాడు. ఆ ఏడుసార్లూ కత్తితో తుప్పలు కొడుతూ తన ముందు నడిచింది ఆ లోయలోనే ఉండే వంతల చిలకమ్మ అనీ, ఫొటో తీసే ముందు ఆమెను పక్కకి జరగమనేది తనేననీ అప్పటికి గుర్తు రాలేదు.

దారి చీలిన మొదటి చోటే తప్పిపోయాడు. రెండు గంటలు నడిచి, దాటిన వాగునే మళ్లీ దాటాడు. చెమటకి మీసం ఒకవైపు ఊడి వేలాడింది. ముళ్లకంచె దూరి, పందులను బెదరగొట్టి, చివరికి ఒక గుడిసె వెనకాల తేలాడు. అక్కడ చిలకమ్మ అడ్డాకులతో విస్తళ్లు కుడుతోంది. అతన్ని మీసం నుంచి బూట్ల దాకా ఒకసారి చూసింది.

"ఏం మాస్టారూ, ఈసారి మా పెరడు కనిపెట్టారా?"

అలిసి వచ్చినవాడు అంబలి తాగేదాకా ఎందుకొచ్చావని అడగడం ఆ పల్లెలో లేదు. చిలకమ్మ అతను తాగాక కూడా అడగలేదు, అర్జీ మాటా ఎత్తలేదు. అతను మీసం తడవకుండా ఓ చేత్తో పట్టుకుని రెండు డొప్పలు ఖాళీ చేశాక, కత్తి అందుకుని కొండ దిగువ దాకా ముందు నడిచింది.

సాయంత్రం భుజంగం జరిగిందంతా దాచకుండా చెప్పాడు. సుభాషిణమ్మ గారు విని, సరే, ఆదివారానికి ఒకసారి దొర డైరీ చదువుకో అన్నారు. అతను గొంతు సవరించుకున్నాడు.

"నరమానవుడు లేని ఈ లోయను నేడు కనుగొన్నాను. దారి తప్పి, శోష వచ్చి పడిపోయాను. మధ్యాహ్నం వేడి అంబలి తాగి..."

ఆగిపోయాడు. ఏడేళ్లుగా గుక్క తిప్పుకోకుండా చదివిన వాక్యం. చేతిలో ఉన్న మీసం వంక కాసేపు చూశాడు.

"ఆదివారం ఏం మాట్లాడమంటారమ్మా?"

ఆవిడ వక్కపలుకు నోట్లో వేసుకున్నారు.

"ఇదే చదువు. ఇప్పుడు ఎక్కడ ఆగావో, అక్కడే ఆగు."